కూల్‌డ్రింక్ అప్పటికప్పుడు చల్లబడాలంటే నిజంగా పనిచేసేది ఏది?

ప్రశ్న:
నిన్న సాయంత్రం ఉన్నట్టుండి చుట్టాలొచ్చారు. త్వరగా చల్లబడతాయని రెండు గాజు సీసాలు ఫ్రీజర్‌లో పెట్టి, మాటల్లో పడి మరిచిపోయాను. గుర్తొచ్చి తలుపు తీసేసరికి ఒకటి నిలువునా పగిలి ఉంది. పెంకులు ఐస్ ట్రేలో కూడా పడ్డాయి. తడిగుడ్డ చుట్టి పెట్టమని ఒకరు, గ్లాసులో వేసే రాతి ముక్కలు కొనమని ఒకరు, కంప్యూటర్‌కి తగిలించే యూఎస్‌బీ కూలర్ మంచిదని ఇంకొకరు అంటున్నారు. డబ్బు పెట్టేముందు వాడినవాళ్లు చెప్పండి. పావుగంటలో చల్లబడితే చాలు.

జవాబు 1:
ముందు ఆ ట్రేలోని ఐసంతా పారేయండి. సన్న పెంకు ఐసులో ఉంటే కంటికి ఆనదు. నీళ్లు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయి, సీసా పగిలింది అందుకే.

ఇక ఏమీ కొనకండి. లోతైన గిన్నెలో సగం ఐసు, సగం నీళ్లు, రెండు గుప్పెళ్ల ఉప్పు. అంతే. చాలామంది నీళ్లు పోయకుండా ఉత్త ఐసులో గుచ్చుతారు. అప్పుడు ముక్కల మధ్య ఉండేదంతా గాలే. గాలి కంటే నీళ్లు వేడిని ఇరవై రెట్లకు పైగా బాగా లాగుతాయి. ఫ్రీజర్ ఎంత చల్లగా ఉన్నా ఆలస్యమయ్యేది కూడా ఈ గాలివల్లే. ఉప్పు పడితే నీళ్లు సున్నా కంటే కిందికి దిగినా గడ్డకట్టవు.

వంటింటి థర్మామీటర్‌తో నేను చూసుకున్నాను. 29 డిగ్రీలున్న క్యాన్‌ని అందులో ముంచి, పట్టకారుతో మెల్లగా దొర్లిస్తూ ఉంటే అయిదు నిమిషాలకు 7 డిగ్రీలకు వచ్చింది. దొర్లించడమే కిటుకు. లేకపోతే అంచున ఉన్నది చల్లబడి, నడిమి భాగం వెచ్చగానే ఉండిపోతుంది. దొర్లించాలి గానీ కుదపకూడదు, కుదిపితే మూత తీయగానే నురగ పొంగుతుంది. చెయ్యి మాత్రం అందులో పెట్టి ఉంచకండి, చర్మం దెబ్బతింటుంది. తాగేముందు పైనున్న ఉప్పునీళ్లు కడిగేయండి.

తడిగుడ్డ నేనూ చుట్టి చూశాను. ఫ్రీజర్‌లో అది అట్టలా బిగుసుకుపోయింది, పెద్ద తేడా రాలేదు.

జవాబు 2:
రాతి ముక్కల గురించి. ఒక గ్రాము ఐసు కరిగేటప్పుడు 80 క్యాలరీల వేడి లాక్కుంటుంది. రాయి కరగదు కదా, ఆ బలం దానికి లేదు. వంద గ్రాముల రాళ్లు ఫ్రీజర్‌లోంచి తీసి 300 మిల్లీలీటర్ల డ్రింకులో వేసినా మూడు నాలుగు డిగ్రీలకు మించి తగ్గదు. ముందే చల్లగా ఉన్నది కాసేపు అలాగే ఉండాలంటే సరే, వెచ్చటిది చల్లబరచడానికి మాత్రం వద్దు.

జవాబు 3:
నా దగ్గర యూఎస్‌బీ కూలర్ ఉంది. మామూలు పాత పోర్టు ఇచ్చేది 5 వోల్టులు, అర ఆంపియరు, అంటే రెండున్నర వాట్లు. దాంతో ఒక క్యాన్ చల్లబడాలంటే గంటలు పడుతుంది. పైగా క్యాన్ అడుగు ఒక్కటే దానికి తగులుతుంది.

ప్రశ్న వేసినవారు:
ఇప్పుడే క్యాన్‌తో చేసి చూశాను, ఆరు నిమిషాలకు పళ్లు జివ్వుమన్నాయి! చాలా థ్యాంక్స్ అండీ. గాజు సీసాకూ ఇదేనా?

జవాబు 1:
ఇదే. గాజు మందం కాబట్టి ఇంకాస్త ఎక్కువసేపు పడుతుంది. మెడదాకా మునగాలి, మూత పైకి ఉండాలి. ఈసారి ఫోన్‌లో అలారం పెట్టుకోండి.