సముద్రం దగ్గరి ఇల్లు, ఉప్పు పొంగే గోడ: 15 వేలలో రంగు వేయించడం ఎలా?

నమస్కారమండీ. మాది విశాఖలో పెదవాల్తేరు, పాత డాబా ఇల్లు. సంక్రాంతికి చెల్లి పెళ్లిచూపులు. హాలు ఒక్కటైనా కళగా ఉండాలని నా ఆశ. చేతిలో 15 వేలే ఉన్నాయి.

పడమటి గోడ కింద మూరెడు మేర పెచ్చులూడి తెల్లగా ఉప్పు పొంగుతోంది. వేలితో రాస్తే పిండిలా రాలుతుంది. పోయినేడు దానిమీదే పుట్టీ పెట్టి డిస్టెంపర్ వేయించాం, వానాకాలం దాటకుండానే ఊడిపోయింది. పెయింటరు మళ్లీ అదే చేద్దామంటున్నాడు, నాకు మనసొప్పడం లేదు. ముందు తేమ ఆపాలి కదా? పాడైన మేర గీకించి, కొత్తగా ప్లాస్టరింగ్ చేయించి, బాగా ఆరాక ప్రైమర్ కొడితే నిలుస్తుందా?

హాల్లో వెలుతురు తక్కువ, కింద ఎర్ర గచ్చు. మూడు గోడలకి మీగడ రంగు, ఒకదానికి లేతాకుపచ్చ నప్పుతాయా? అమ్మ మాత్రం లేత పసుపే అంటోంది. బీచ్ దగ్గర ఉండేవాళ్లు మీ అనుభవం చెప్పండి, ప్లీజ్.