పాతదానిలో 14 ఊళ్లు, కొత్తదానిలో 17: ఏది నమ్మాలి?

ప్రశ్న, పర్లాకిమిడి నుంచి:
జీడిపిక్కలు కొని పలాసకు పంపే వ్యాపారి దగ్గర పద్దులు చూస్తాను. పాత కంప్యూటర్‌లో మైఎస్‌క్యూఎల్ 5.7 అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్, కొత్తదానిలో 8.0. పాతదాని డంప్ (మొత్తం డేటా ఉన్న ఫైలు) తీసి కొత్తదానిలోకి ఎక్కించాను. ఊరివారీగా బస్తాలు కూడే క్వెరీలో (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలో) ఒక్క అక్షరం మార్చలేదు. పాతదానిలో 14 వరుసలు, చక్కగా అక్షరక్రమంలో వచ్చేవి. ఇప్పుడు 17, అవీ చిందరవందరగా. కాశీనగరానికి 212 బస్తాలు ఉండాలి. రెండు కాశీనగరాలు కనిపిస్తున్నాయి, ఒకదానికి 180, ఇంకోదానికి 32. మొత్తం మాత్రం సరిపోయింది. ఊరికొక మనిషి సరుకు సేకరించి తెస్తాడు, ఈ కాగితం చూసే అతనికి డబ్బు ఇస్తాం. ఎవరికీ ఒక్క రూపాయి తక్కువ వెళ్లకూడదని శనివారం చెల్లింపులు ఆపించాను. దయచేసి త్వరగా చెప్పండి.

జవాబు, రాయగడ నుంచి:
క్రమం చెదరడానికి కారణం తేలికే. 5.7లో గ్రూప్ బై (ఒకే పేరున్నవాటిని ఒక్కచోట చేర్చే మాట) రాస్తే క్రమం దానంతటదే వచ్చేది. 8.0లో అది తీసేశారు. క్రమంలో పెట్టే ఆర్డర్ బై మీరే రాయాలి. వరుసలు పెరగడం వేరే సంగతి. ఆ రెండు పేర్లకూ లెంగ్త్ వేసి, ఎన్ని బైట్లో చూడండి.

పర్లాకిమిడి:
ఒకటి 24, ఇంకొకటి 25! కంటికి రెండూ ఒకటే.

జవాబు, బరంపురం నుంచి:
అమ్మా, అక్షరాలను దాచే పద్ధతి అయిన యూటీఎఫ్‌8లో తెలుగు అక్షరమైనా, గుణింతపు గుర్తయినా, సున్నా అయినా 3 బైట్లే. కాశీనగరంలో అలాంటివి ఎనిమిది, అంటే 24. ఆ 25వ బైటు పేరు చివర పడిన ఖాళీ అయి ఉంటుంది. మీ పాత టేబుల్ కొలేషన్ (పేర్లను పోల్చే నియమం) యూటీఎఫ్8ఎంబీ4_జనరల్_సీఐ అయితే, పోల్చేటప్పుడు చివరి ఖాళీని పట్టించుకోదు. 5.7లో యూటీఎఫ్8ఎంబీ4కు అదే డిఫాల్ట్ (ఏమీ చెప్పకపోతే వాడేది) కనుక డంప్‌లో దాని పేరు రాయరు. పేరు లేకపోయేసరికి 8.0 తన డిఫాల్ట్ యూటీఎఫ్8ఎంబీ4_0900_ఏఐ_సీఐని పెట్టుకుంటుంది. దానికి ఖాళీ కూడా అక్షరంతో సమానం. కొలేషన్‌ను వెనక్కి మార్చినా వరుసలు కలుస్తాయి కానీ, నేనైతే ఆ పని చేయను. తప్పు డేటాలో ఉంది, అక్కడే దిద్దాలి. ముందు బ్యాకప్ తీసుకోండి, తర్వాత పేరుకు అటూ ఇటూ ఖాళీలు తీసేసే ట్రిమ్‌తో అప్‌డేట్ చేయండి. పేరు నమోదు చేసే చోట కూడా ట్రిమ్ పెట్టండి.

పర్లాకిమిడి:
చేశాను. మూడు ఊళ్ల పేర్ల చివర ఖాళీలున్నాయి. 17 వరుసలు 14 అయ్యాయి, కాశీనగరం 212. ఆ 32 బస్తాలు మా కుర్రాడు ఫోనులో వచ్చిన సందేశం నుంచి కాపీ చేసి అతికించినవట. మీ ఇద్దరికీ ఎంతో రుణపడి ఉన్నాను. రేపు పొద్దున్నే కాశీనగరం ఆయనకు కబురు పంపుతాను.