పెళ్లికి ఏమేం కావాలో ముందే లింకు పంపడం: సబబేనా?

పర్లాకిమిడి అక్క
మా తమ్ముడి పెళ్లి మాఘంలో. వాడి ఉద్యోగం భువనేశ్వర్, కాబోయే మరదలిది బరంపురం. ఇద్దరూ కూర్చుని ఒక గిఫ్ట్ రిజిస్ట్రీ తయారు చేశారు. కుక్కర్ మొదలు వాషింగ్ మెషిన్ దాకా 23 వస్తువులు. లింకు తెరిచి మనకు కుదిరింది కొంటే, జాబితాలో అది కొన్నట్టు పడిపోతుంది, ఇంకొకరు మళ్లీ అదే కొనరు. పెద్దవాటికి నలుగురూ కలిసి వేసుకోవచ్చు. నాన్నగారు ఫోన్లో చూసి "ఇది పెళ్లా, చందాల పుస్తకమా?" అని లేచి వెళ్లిపోయారు. మీరేటంటారు?

గంజాం గుమాస్తా
మీ నాన్నగారి మాటే నాదీ తల్లీ. పిలుపంటే గుమ్మంలోకొచ్చి, బొట్టు పెట్టి, శుభలేఖ చేతికివ్వడం. దాంతోపాటు ధరల పట్టీ కూడా ఇస్తారా? పెన్షన్ మీద బతికేవాణ్ణి, 116 రూపాయలు చదివించి అక్షింతలు వేసొచ్చేవాణ్ణి. ఆ జాబితాలో అన్నిటికంటే చవకది ఎంత?

పర్లాకిమిడి అక్క
1,850 బాబాయ్. ఇడ్లీ పాత్ర.

గంజాం గుమాస్తా
అయితే నేను పెళ్లికి రాను.

రాయగడ ప్యాసింజర్
అడగడం మనకేమైనా కొత్తా గుమాస్తాగారూ? మైకులో "ఫలానా ఊరి మావయ్యగారు, వెయ్యిన్నూట పదహార్లు" అని అరుస్తాం. పుస్తకంలో రాస్తాం. బీరువాలో దాచి, వాళ్లింట్లో పెళ్లప్పుడు తీసి చూసి, అంతకు తగ్గకుండా చదివిస్తాం. మొహమాటం మాటున అది అప్పు కాదా? మనం పెళ్లిలో రాసే పుస్తకం వీళ్లు నెల ముందే తెరిచారు, అంతే. నా పెళ్లికి గోడ గడియారాలు పదకొండొచ్చాయి. రెండు గదుల క్వార్టరు నాది. ఏడింటిని వేరే పెళ్లిళ్లకి తోలేశాను, ఒకటి తిరిగి మా చెల్లి పెళ్లికే వచ్చింది.

మహేంద్రతనయ ఒడ్డు
గడియారాలు సరే. నిన్న అటక మీంచి అమ్మ స్టీలు బిందె దించాను. మెడ కింద చుక్కలు చుక్కలుగా చెక్కి ఉంది: "గుణుపురం పిన్ని, 11-5-1986". పిన్ని పోయి ఆరేళ్లయింది. ఆ పేరు మీద వేలు పెడితే ఇప్పటికీ గరగరలాడుతోంది. లింకులో కొన్న మిక్సీ మీద ఎవరి పేరుంటుంది, కొట్టువాడిదా?
(నిజం ఒప్పుకోవాలి, పెద్దత్త ఇచ్చిన క్యారియర్ అడుగున ఎవరిదో వేరే పేరుంది. ఆవిడ చూసుకోలేదు పాపం.)

న్యూజెర్సీలో గుణుపూర్
ఇక్కడి సంగతి చెప్తాను. 1924లో షికాగోలోని మార్షల్ ఫీల్డ్స్ అనే పెద్ద కొట్టు ఈ రిజిస్ట్రీ పద్ధతిని మొదలెట్టిందని చెప్తారు. పెళ్లికూతురు తనకు నచ్చిన పింగాణీ, వెండి రాయించుకునేది, చుట్టాలు కొట్టుకెళ్లి కొనేవాళ్లు. కానీ శుభలేఖ మీద ఆ సంగతి అచ్చు వేయడం ఇక్కడా మర్యాద కాదంటారు పెద్దవాళ్లు. అడిగినవాళ్లకే చెప్పాలి.

బరంపురం పట్టు
మర్యాద సంగతి పెద్దలు తేలుస్తారు గానీ, నేను కోర్టుల చుట్టూ తిరిగేవాణ్ణి, నా భయం వేరు. 1961 వరకట్న నిషేధ చట్టం ప్రకారం, అడగకుండా ఇచ్చిన పెళ్లి కానుకలు తప్పు కాదు. కాకపోతే జాబితా రాసి ఉంచాలి. 1985 నిబంధనల్లో ఉంది: వస్తువు, సుమారు విలువ, ఇచ్చినవారి పేరు, చుట్టరికం, కింద వధూవరుల సంతకాలు. అంటే చదివింపుల పుస్తకమే, సంతకాలతో. కానీ అదే చట్టం ఆడపిల్ల తల్లిదండ్రుల్ని, చుట్టాల్ని కట్నం అడగడం నేరమంటుంది, సూటిగా అడిగినా చుట్టూ తిప్పి అడిగినా. రేపు ఇళ్ల మధ్య మాటామాటా వస్తే, వాషింగ్ మెషిన్ ఉన్న లింకు మగపెళ్లివారి నుంచి వియ్యాలవారి ఫోన్‌కి వెళ్లిందని ఎవరైనా చూపిస్తే ఏం జవాబు చెప్తారు? అక్కా, ఆ లింకు ఎవరెవరికి వెళ్లింది?

పర్లాకిమిడి అక్క
అమ్మో. మరదలి పెదనాన్నగారికి కూడా వెళ్లింది.

రాయగడ ప్యాసింజర్
ఆ అమ్మాయి కూడా కూర్చునే రాసింది కదండీ, ఇందులో కట్నం ఎక్కడిది?

బరంపురం పట్టు
పెదనాన్నగారికి అది తెలుసా?

పర్లాకిమిడి అక్క
రాత్రి అందరం కూర్చున్నాం. వాషింగ్ మెషిన్, ఫ్రిజ్ తీసేశారు, అవి వాళ్ల జీతాల్లోంచే కొనుక్కుంటారట. లింకు ఆఫీసు స్నేహితులకే. శుభలేఖ ఒకవైపు తెలుగు, ఒకవైపు ఒడియా. రెండు వైపులా కానుకల మాటే లేదు. చదివింపుల బల్ల ఉంటుంది, పుస్తకం నాన్నగారిదే. మైకు మాత్రం వద్దని తమ్ముడు పట్టుబట్టాడు.

గంజాం గుమాస్తా
మైకు లేకపోతే నా 116 ఎవరికీ వినపడదు, అదీ మంచిదే. అయినా ఆ జాబితాలో వందలోపు వస్తువు ఒకటి పెట్టించమ్మా. గరిటైనా సరే. వస్తాను.

పర్లాకిమిడి అక్క
పొద్దున్నే గరిటె పెట్టించాను బాబాయ్. అప్పుడే ఎవరో కొనేశారు.