బోరు నీళ్ళ తెల్ల మరకలకి యాసిడ్ పోయాలా, నిమ్మ ఉప్పు చాలదా?

కొర్లగుంట కోడలు:
అందరికీ నమస్తే. రెండు నెలల కిందట తిరుపతిలో కొర్లగుంట పక్క బాడుగింట్లోకి వచ్చినాం. కార్పొరేషన్ నీళ్ళు తాగేదానికీ వంటకీ సరిపోతాయి, మిగతా అంతా బోరే. సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు. కొళాయిలు, బకెట్లు, మగ్గు అన్నీ సున్నం పూసినట్టు అయిపోయినాయి, షవర్‌లో సగం బొక్కలు మూసుకుపోయి నీళ్ళు నెత్తిన పడకుండా గోడకి కొడతా ఉండాయి. మా అత్త అంగడికి పోయి యాసిడ్ బాటిల్ తెచ్చి పెట్టింది, పొరకతో ఒక పట్టు పడితే చాలు అంటాది. నేను నిమ్మ ఉప్పు అంటా ఉండా. నెల రోజులుగా ఇదే పంచాయితీ, మీరైనా తేల్చండి.

పాతబస్తాండ్ పెద్దాయన:
తేల్చేదేముందమ్మా, మీ అత్త చెప్పిందే రైటు. మా ఇంట్లో 25 ఏళ్ళుగా యాసిడే, ఇల్లేం కూలిపోలేదు. ఈ నిమ్మకాయలూ వంటసోడాలూ ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్న చదువులు. బుసబుసా పొంగుతానే మురికంతా పోయిందని సంబరం, ఆరినాక చూస్తే యాడిది ఆడనే.

చంద్రగిరి టైల్స్ పని:
అక్కా నేను టైల్స్ వేసేవాణ్ణి, నా మాట కూడా వినండి. యాసిడ్ మేమూ వాడతాం, కాకపోతే కొత్తగా టైల్స్ వేసినాక మీద అంటిన సిమెంటు పోవాలని ఒక్కసారి, అదీ బాగా నీళ్ళు కలిపి, వెంటనే కడిగేస్తాం. నెల నెలా పోస్తే తెల్ల మరకతో పాటు సందుల్లో నింపిన వైట్ సిమెంటు కూడా తినేస్తాది. అప్పుడు ఆ సందుల్లోంచి నీళ్ళు దిగి కింద పోర్షన్ సీలింగ్ చెమ్మెక్కుతాది. అట్లాంటి బాత్రూంలు పగలగొట్టి మళ్ళీ వేసేది మేమే, మాకు పని దొరుకుతాది అనుకోండి, మీకే ఖర్చు. పెద్దాయనా మీ ఇంటి సందుల్లో ఒకసారి గోరు పెట్టి చూడండి.

పాతబస్తాండ్ పెద్దాయన:
చూసినా. రెండు చోట్ల లేచింది. అది పాతబడి లేచింది.

తిరుచానూరు కెమిస్ట్రీ:
కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను కాబట్టి నోరు ఊరుకోదు. సోడా విషయంలో పెద్దాయన కరెక్టే. నిమ్మ ఉప్పు పులుపు, సోడా క్షారం, రెండూ కలిపితే ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి, ఆ పొంగు ఉట్టి కార్బన్ డయాక్సైడు, మిగిలేది ఉప్పు నీళ్ళు. దేన్నైనా విడిగానే వాడాలి. ఇంక అసలు గొడవకి వస్తే, నిమ్మ ఉప్పు కూడా యాసిడే కదా, సిట్రిక్ యాసిడ్. కొళాయి మీద ఆ తెల్లది ఎక్కువగా కాల్షియం కార్బొనేటు, దాన్ని బాటిల్ యాసిడూ నిమ్మ ఉప్పూ రెండూ కరిగిస్తాయి. బాటిల్లో అమ్మేది హైడ్రోక్లోరిక్, నిమిషంలో పని చేస్తుంది, కానీ దాని ఆవిరే పక్కనున్న స్టీలుకి తుప్పు పట్టిస్తుంది, కొళాయి మీద క్రోమ్ పూత పోతుంది. నిమ్మ ఉప్పు మెల్లగా చేస్తుంది, ఆవిరి లేదు.
ఇంకొకటి, ఇది మాత్రం ఆటలు కాదు. బ్లీచింగ్ పౌడర్ చల్లిన చోట ఏ యాసిడూ పొయ్యొద్దు, నిమ్మ ఉప్పు కూడా వద్దు. క్లోరిన్ గ్యాస్ వస్తుంది, తలుపు మూసిన చిన్న బాత్రూంలో ఊపిరి ఆడదు.

మదనపల్లె వదిన:
ఇంత రసాయనం ఎందుకప్పా, చింతపండు ఉంది కదా అని నేనూ అనుకునేదాన్ని. పోయిన సంక్రాంతికి దేవుడి సామాన్లు తోముతా చింతపండు ముద్ద వంటింటి కడప బండ మీద పెట్టి మర్చిపోయినా. తెల్లారి తీస్తే నల్లటి బండ మీద గుండ్రంగా బూడిద రంగు మచ్చ, వేలు పెడితే గరుగ్గా ఉండాది. కొబ్బరి నూనె పూస్తే నల్లగా కనపడతాది, నాలుగు రోజులకి మళ్ళీ తేలతాది. ఇప్పుడు దాని మీద ఉప్పు డబ్బా పెట్టి కవర్ చేస్తా ఉండా.

తిరుచానూరు కెమిస్ట్రీ:
వదినా, కడప బండ సున్నపురాయే. అంటే కొళాయి మీద పేరుకున్న తెల్లదీ మీ బండా ఒకే జాతి, పులుపుకి తేడా ఏం తెలుస్తుంది, రెండింటినీ తింటుంది. బేతంచెర్ల బండలు, మార్బుల్ కూడా అంతే. వాటి మీద చింతపండు, నిమ్మకాయ, వెనిగర్ ఏదీ వద్దు, మామూలు సబ్బు నీళ్ళే. ఇంట్లో దొరికేది కాబట్టి మంచిది అనుకోవడం దగ్గరే అందరం దెబ్బ తింటాం.

పుత్తూరు బావ:
మాది తెలుపు కాదు సార్, ఎర్ర మరక. బేసిన్‌లో కొళాయి కింద గీత పడిపోయింది. బ్లీచింగ్ వేస్తే ఇంకా ముదిరింది.

తిరుచానూరు కెమిస్ట్రీ:
మీ బోరులో ఇనుము ఉంది. బ్లీచింగ్ తుప్పుని పోగొట్టదు, నీళ్ళలో కరిగున్న ఇనుముని కూడా తుప్పు చేసి కూర్చోబెడుతుంది. ముందు మంచి నీళ్ళతో బ్లీచింగ్ అంతా కడిగేసి, రేపు నిమ్మ ఉప్పు నీళ్ళలో తడిపిన గుడ్డ ఆ గీత మీద ఒక గంట పరచండి.

కొర్లగుంట కోడలు:
ఆదివారం చేసి చూసినా, చెప్తా వినండి. గ్లాసు వేడి నీళ్ళలో 2 స్పూన్లు నిమ్మ ఉప్పు కలిపి ప్లాస్టిక్ కవర్లో పోసి షవర్ తల మునిగేటట్టు రబ్బర్ బ్యాండుతో కట్టినా. కాసేపటికే సన్నగా బుడగలు. గంటకి విప్పితే కవర్ అడుగున తెల్ల పెచ్చులు, రెండు బొక్కలు మాత్రం పిన్నీసుతో పొడవాల్సి వచ్చింది. బకెట్లు, మగ్గు బాగా వచ్చినాయి. అద్దం మాత్రం ఇంకా మసకే, అది నిజం చెప్పాలి కదా. ఇప్పుడు స్నానం అయినాక పొడి గుడ్డతో కొళాయి తుడిస్తే మళ్ళీ పట్టడం లేదు, అసలు మరక అయ్యేది నీళ్ళు ఆరినాకే కదా.
మా అత్త షవర్ తిప్పి చూసి "ఊఁ, గంట సేపు కాపలా కాస్తే ఎవురైనా చేస్తారు" అనింది. యాసిడ్ బాటిల్ పారేయనీదు. లెట్రిన్‌కి తప్ప దేనికీ ముట్టుకోనని ఒప్పుకుంది, అదీ కిటికీ తెరిచి పెట్టి. గీజర్‌లో కూడా ఇదే పేరుకుని ఉంటాది కదా, దాంట్లో పోయొచ్చా?

పాతబస్తాండ్ పెద్దాయన:
కరెంటు వస్తువు తల్లీ, దానికి మెకానిక్‌ని పిలువు. ఆ నిమ్మ ఉప్పు ఏ అంగట్లో దొరికిందో చెప్పు, మా ఇంటావిడ ఇదంతా పక్కన కూర్చొని చదివేసింది.