జైలోజ్ ఇస్తే జైలిటాల్ దగ్గరే ఆగిపోతోంది, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ ప్రాజెక్టులో వరిగడ్డి చక్కెరలతో ఇథనాల్ చేస్తున్నాను. బ్రెడ్ ఈస్ట్‌కి జైలోజ్ (గడ్డిలో ఉండే ఐదు కార్బన్ల చక్కెర) అరగదు కదా, అందుకని జైలోజ్ తినే స్టిపిటిస్ అనే ఈస్ట్ నుంచి జైలోజ్ రిడక్టేజ్ (జైలోజ్‌ని జైలిటాల్‌గా మార్చే ఎంజైమ్), జైలిటాల్ డీహైడ్రోజినేజ్ (జైలిటాల్‌ని జైలులోజ్‌గా మార్చేది) జీన్లు పెట్టిన స్ట్రెయిన్ వాడుతున్నాను. గ్లూకోజ్ ఉన్నంతసేపు ఫ్లాస్క్‌లో నురగే నురగ. అది అయిపోగానే బుడగలు ఆగిపోతాయి. హెచ్‌పీఎల్‌సీలో (ద్రవంలోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) చూస్తే ఇథనాల్ బదులు జైలిటాల్ పీక్ మాత్రమే పెరుగుతోంది.

కారణం కొంత అర్థమైంది. మొదటి ఎంజైమ్‌కి ఎన్‌ఏడీపీహెచ్ ఇష్టం, రెండోదానికి ఎన్‌ఏడీ కావాలి (రెండూ ఎంజైమ్‌లకు ఎలక్ట్రాన్లు మోసే సహాయక అణువులు). ఒకటి ఖర్చుపెట్టింది ఇంకొకటి తిరిగి ఇవ్వదు. గాలి తగ్గిస్తే ఇంకా ఘోరం. పైరోమైసెస్ అనే ఫంగస్ నుంచి తెచ్చిన జైలోజ్ ఐసోమరేజ్‌తో (జైలోజ్‌ని నేరుగా జైలులోజ్‌గా మార్చే ఎంజైమ్) ఈ గొడవ ఉండదు, దాన్ని 2003లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ యూనివర్సిటీ వాళ్లు ఈస్ట్‌లో బాగానే పనిచేయించారు. కానీ అప్పట్లో జైలోజ్ మీద పెరుగుదల మాత్రం చాలా నెమ్మదిగా ఉండేది.

నాకు మూడు నెలలే టైముంది. ఐసోమరేజ్‌కి మారాలా? లేక రిడక్టేజ్‌ని ఎన్‌ఏడీహెచ్ (రెండో ఎంజైమ్ తిరిగి ఇచ్చేది) వైపు తిప్పే మ్యుటేషన్ పెట్టి, జైలులోకైనేజ్ (జైలులోజ్‌ని ముందుకు నడిపే ఎంజైమ్) పెంచితే సరిపోతుందా? మారితే జీఆర్‌ఈ3 జీన్ (ఈస్ట్‌లో సహజంగానే ఉండి జైలోజ్‌ని జైలిటాల్‌గా మార్చే ఎంజైమ్‌ది) తీసేయడం తప్పనిసరా? చేతులారా చేసినవాళ్లు చెప్పండి. మా గైడ్‌గారు పేపర్లు చదవమంటున్నారు, చదివినకొద్దీ టెన్షన్ పెరుగుతోంది.