కోఠి–ఆబిడ్స్‌లో ఒక్కరోజు: బడి లైబ్రరీ పుస్తకాలు, బహుమతులు, పెళ్లి కార్డులు – ఏ రోజు రావాలి, ఏది ముందు?

నల్లగొండ టీచర్:
అందరికీ నమస్తే. మా హైస్కూల్ లైబ్రరీకి 15,000 రూపాయల్లో తెలుగు పుస్తకాలు కొనాలి. 6 నుంచి 10 తరగతుల పిల్లలకు. ఆడిట్ ఉంటుంది కాబట్టి బిల్లు తప్పనిసరి. వార్షికోత్సవం బహుమతులకు ఓ 40 వస్తువులు కావాలి, ఒక్కోటి 100 రూపాయల లోపు. ఎలాగూ వస్తున్నాం కదా అని మా చెల్లి పెళ్లి కార్డులు కూడా చూద్దామని ఉంది. పొద్దున 10కి ఎంజీబీఎస్‌లో దిగి, రాత్రి 7 గంటల బస్సుకు తిరిగి వెళ్లాలి. ఆదివారం అయితే సెలవు పెట్టక్కర్లేదు, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలూ చూడొచ్చు. కుదురుతుందా? ఏ వరుసలో తిరగాలి?

కోఠి నడక:
టీచర్ గారూ, ఆదివారం మాత్రం వద్దు. ఆబిడ్స్‌లో పుస్తకాలు ఫుట్‌పాత్ మీదికి వచ్చేదే ఆ రోజు షాపుల షట్టర్లు దించి ఉంటాయి కాబట్టి. అంటే మీకు కావలసిన రెండూ ఒకే రోజు దొరకవు. ఫుట్‌పాత్ మీద బిల్లు అడిగితే నవ్వుతారు. బడి డబ్బుకు షాపులే దారి, ఫుట్‌పాత్ మీ సొంత జేబుకు, ఇంకో ఆదివారానికి.

రెండో శనివారం మీకు సెలవుంటే అదే సరైన రోజు. దుకాణాలు 11 దాకా పూర్తిగా తెరుచుకోవు, కాబట్టి 10కి దిగినా తొందరేం లేదు.

ఎంజీబీఎస్ నుంచి గ్రీన్ లైన్ మెట్రోలో ఒక్క స్టేషన్, సుల్తాన్ బజార్. అక్కడి నుంచి ఆటోలో కాచిగూడ చౌరస్తా, ఆర్యసమాజ్ ఎదురు వీధిలో నవోదయ బుక్ హౌస్. తెలుగు పుస్తకాల వెనక ‘ప్రతులకు’ అన్న చోట తరచుగా కనిపించే అడ్రసు ఇదే. చాలామంది ప్రచురణకర్తల పుస్తకాలు ఒక్కచోటే దొరుకుతాయి కాబట్టి మీ లిస్టులో సగానికి పైగా ఇక్కడే తెగుతుంది. తర్వాత వెనక్కి కోఠి బ్యాంక్ స్ట్రీట్‌కి వచ్చి, మిగిలినవి నవచేతనలో చూడండి. అక్కడి నుంచి ఆబిడ్స్‌కి నడిచే వెళ్లొచ్చు. పెన్నులు అక్కడ. ఆ తర్వాత ఆటోలో బేగంబజార్, అఫ్జల్‌గంజ్ మీదుగా నయాపూల్ దాటి చట్టాబజార్, అక్కడే పెళ్లి కార్డులు. మళ్లీ ఎంజీబీఎస్‌కి ఆటోలో పోతే దగ్గరే. ఒక చుట్టు తిరిగినట్టు అవుతుంది, వెళ్లిన దారినే వెనక్కి రానక్కర్లేదు. చట్టాబజార్‌కి 4.30 దాటకుండా చేరండి, కార్డు ఎంచుకోవడానికి పట్టేంత టైము పుస్తకాలకు కూడా పట్టదు.

బిల్లు గురించి ఒక మాట. ‘తెలుగు పుస్తకాలు – 15,000’ అని ఒక్క లైను రాసిచ్చిన బిల్లు ఆడిట్‌లో నిలబడదు. పుస్తకం పేరు, రచయిత, ముద్రిత ధర, తగ్గింపు ఒక్కోదానికి విడిగా ఉండాలి, ఎందుకంటే రేపు మీ అక్సెషన్ రిజిస్టర్‌లో (లైబ్రరీకి వచ్చిన పుస్తకాలు నమోదు చేసే పుస్తకం) ఒక్కో పుస్తకానికి ధర ఎక్కించాల్సింది మీరే. అచ్చు పుస్తకాలకు జీఎస్టీ లేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి నోటుపుస్తకాలు, పెన్సిళ్లు, రబ్బర్లు, షార్ప్‌నర్లకు కూడా తీసేశారు. పెన్నులకు ఉంది. కాబట్టి పుస్తకాల బిల్లు, పెన్నుల బిల్లు వేరువేరుగా తీసుకోండి. లైబ్రరీకి అని చెప్పి, హెడ్మాస్టర్ లెటర్ చూపించి తగ్గింపు అడగండి. మామూలుగా 10 శాతం ఇస్తారు, ఎక్కువ తీసుకుంటే ఇంకొంచెం. అంతకు మించి గీచిగీచి బేరమాడే చోటు కాదది.

చిన్న తరగతుల వాళ్లకు బొమ్మల పుస్తకాలు కావాలంటే తార్నాకలో ‘మంచి పుస్తకం’ ఉంది, కానీ ఆ రోజు దారిలోకి రాదు. లిస్టు పంపి తెప్పించుకోవడం మేలు. డిసెంబర్ దాకా ఆగగలిగితే ఎన్టీఆర్ స్టేడియంలో పుస్తక ప్రదర్శన పెడతారు, అప్పుడు అందరూ ఒకే చోట ఉంటారు.

(ఆబిడ్స్ అన్న పేరే ఒక షాపు వల్ల వచ్చింది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ ఆబిడ్ పెట్టిన దుకాణం అది. షాపు పోయింది, పేరు మిగిలింది.)

కుట్టుబైండు:
పైన చెప్పిన దారి బాగుంది. కొనేముందు చూడాల్సినవి నేను చెప్తాను.

లైబ్రరీ పుస్తకం ఏడాదికి 30 చేతులు మారుతుంది. అందుకని ముందు బైండింగ్ చూడండి. పుస్తకాన్ని సరిగ్గా మధ్యలో తెరిచి లోపలి మడతలోకి చూస్తే కుట్టు బైండింగ్ అయితే దారం కనిపిస్తుంది. పైనుంచి వెన్ను చూస్తే కాయితాలు చిన్నచిన్న కట్టలుగా, విల్లులా వంగి ఉంటాయి. గమ్ బైండింగ్‌లో అంతా ఒకే దిమ్మెలా కనిపిస్తుంది. 250 పేజీలు దాటిన గమ్ బైండింగ్ పుస్తకం పిల్లల చేతిలో ఒక్క వేసవి కూడా నిలవదు, ఎండకు గమ్ గట్టిపడి వెన్ను మధ్యలో పగులుతుంది. వేరే దారి లేక తీసుకుంటే, కొత్తది ఒక్కసారిగా మధ్యకి విరవకండి. ముందు నుంచి పది పేజీలు, వెనక నుంచి పది పేజీలు తెరుస్తూ, వేలితో మెల్లగా నొక్కుతూ మధ్యకి రండి.

రెండోది ఫారం. పుస్తకాలు మామూలుగా 16 పేజీల ఫారాలుగా అచ్చవుతాయి. ఒక ఫారం రెండుసార్లు పడి ఇంకోటి ఎగిరిపోవడం కొత్త పుస్తకంలోనూ జరుగుతుంది. 16, 32, 48, 64... ఆ పేజీలు మాత్రం తిప్పి, నంబరు వరుస తప్పిందేమో చూస్తే చాలు, ఒక్క పుస్తకానికి అర నిమిషం. నల్లగొండ చేరాక దొరికిన తప్పుకి మళ్లీ హైదరాబాద్ రాలేరు కదా.

ఫుట్‌పాత్ గురించి కోఠి నడక గారితో నేను పూర్తిగా ఏకీభవించను. అచ్చు ఆగిపోయిన పిల్లల పుస్తకాలు, పాత మాసపత్రికల బైండ్లు షాపుల్లో దొరకవు, అక్కడే దొరుకుతాయి. కాకపోతే రెండు జాగ్రత్తలు. కొత్త ఇంగ్లీషు పుస్తకం పావు ధరకు ఇస్తున్నారంటే అది దొంగ అచ్చే. పేజీని వెలుతురుకి పట్టండి, వెనక అక్షరాలు దాదాపు చదవగలిగేలా కనిపిస్తే, లైన్లు ఒక పక్కకి వాలి ఉంటే, అట్ట మీద బొమ్మ చుక్కలు చుక్కలుగా ఉంటే వదిలేయండి. బడి లైబ్రరీలో అలాంటివి ఉండకూడదు. ఇక పాత తెలుగు పుస్తకాలు న్యూస్‌ప్రింట్ మీద అచ్చయి ఉంటే పసుపు రంగు తిరగడం సమస్య కాదు, పెళుసుదనం సమస్య. పేజీ మూలను వేలితో కొద్దిగా వంచండి, వంగి వెనక్కి వస్తే పర్లేదు. అప్పటికే మూలలు రాలి ఉంటే అది చదవడానికి కాదు, దాచుకోవడానికే.

పాతవి తెచ్చాక నేరుగా మీ బీరువాలో పెట్టకండి. వెన్ను దగ్గర ఇసుకలాంటి పొడి ఉందంటే పురుగు ఉన్నట్టే. ప్లాస్టిక్ సంచిలో గాలి లేకుండా కట్టి డీప్ ఫ్రీజర్లో వారం ఉంచి, తీశాక సంచి విప్పకుండా ఒక రోజు బయట వదలండి. వెంటనే విప్పితే చల్లటి కాయితం మీద తేమ పడుతుంది. ముక్కిపోయిన వాసనకి మూత డబ్బాలో వంటసోడా గిన్నె పక్కన నాలుగు రోజులు ఉంచితే చాలా వరకు తగ్గుతుంది.

పాళీ:
బహుమతుల సంగతి. 100 లోపు అంటే ‘గిఫ్ట్ సెట్’ అని డబ్బాలో మెరిసే పెన్ను అంటగడతారు. డబ్బా చూడకండి, పెన్ను విప్పి రీఫిల్ చూడండి. మెటల్ పెన్నులో 98 మిల్లీమీటర్ల లావు రీఫిల్ (పార్కర్ రకం అంటే షాపులో అర్థమవుతుంది) ఉంటే ఏ ఊళ్లో అయినా దొరుకుతుంది. సన్నటి, వింత కొలత రీఫిల్ ఉంటే అది అయిపోయిన రోజే పెన్ను చెత్తబుట్టకి.

ఫౌంటెన్ పెన్ను ఇద్దామనుకుంటే ఆబిడ్స్‌లో దక్కన్ పెన్ స్టోర్స్‌లో అడిగి చూడండి, ఎబొనైట్‌తో (గట్టి రబ్బరు) చేతితో చేసిన పెన్నులకు పేరున్న చోటు. మీ బడ్జెట్లో రావు గానీ, రిటైరయ్యే మాస్టారికి ఇవ్వడానికి బాగుంటాయి. మన దగ్గర ఈ పనికి రాజమండ్రిది పెద్ద పేరు. అక్కడి రత్నం పెన్నుకు 1935లో గాంధీ కృతజ్ఞతగా ఉత్తరం రాశారు. పిల్లలకైతే ప్లాస్టిక్ పెన్ను, పాళీని ఇంకులో ముంచి తెల్లకాయితం మీద రెండు లైన్లు రాయించి తీసుకోండి. నలభైకి నలభై చూడలేరు, ప్రతి డబ్బాలో రెండు చూడండి. డ్రాపర్‌తో నేరుగా గొట్టంలో ఇంకు నింపేవి చిన్న తరగతులకు వద్దు. ఇంకు మూడో వంతుకి దిగాక చేతి వేడికి లోపలి గాలి వ్యాకోచించి పాళీ దగ్గర చుక్క కారుతుంది. ఎప్పుడూ నిండుగా ఉంచుకోవాలని పిల్లలకు ఎవరు చెప్తారు?

నోటుపుస్తకాలు ఇస్తే పేజీల లెక్క చూడండి. పక్కపక్కన ఒకేలా కనిపించే రెండింటిలో ఒకటి 172 పేజీలు, ఇంకోటి 200 ఉంటుంది. ఇంకు పెన్నుకి 80 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) కాయితం అడగండి, కానీ ఆ అంకెనే నమ్మకండి. మీ పెన్ను వెంట తీసుకెళ్లి వెనక పేజీలో ‘లక్ష్మి’, ‘ఘటం’ రాయండి. నాసిరకం కాయితంలో ఇంకు పాకి ‘ఘ’లో గుండ్రాలు పూడుకుపోతాయి, ‘క్ష్మి’ కింది ఒత్తు మసక అవుతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో ఈ తేడా ఇంతగా తెలీదు.

రేపర్లు కూడా నోటుపుస్తకాలు కొన్నచోటే కొనండి, షీటు మామూలుగా 50×70 సెంటీమీటర్లు. డబ్బా వెడల్పు, ఎత్తు కలిపి రెట్టింపు చేసి 3 సెంటీమీటర్లు కలిపితే ఒక వైపు. పొడవుకి ఎత్తు ఒకటిన్నర రెట్లు కలిపితే రెండో వైపు. 30×20×8 డబ్బాకి 59×42, కాబట్టి ఒక్క షీటు సరిపోతుంది. మెరుపు కాయితానికి మామూలు గమ్ పట్టదు, సన్న టేపే వాడాలి.

నల్లగొండ టీచర్:
చాలా థ్యాంక్స్ అండీ. రెండో శనివారమే ఖాయం చేశాను. కార్డుల గురించి ఎవరైనా చెప్తారా? ముహూర్తం 15వ తేదీ శనివారం రాత్రి 2.14కి. ఇది ఏ తేదీగా వేయించాలో ఇంట్లోనే గొడవ నడుస్తోంది. సుమారు 600 మందిని పిలవాలి.

ప్రూఫు:
మన పంచాంగంలో రోజు సూర్యోదయం నుంచి సూర్యోదయం దాకా. కాబట్టి పురోహితుడి లెక్కలో అది శనివారమే, కేలెండర్‌లో మాత్రం అప్పటికి 16 వచ్చేసింది. కార్డులో ‘15వ తేదీ శనివారం రాత్రి 2.14 గంటలకు (తెల్లవారితే ఆదివారం)’ అని వేయించండి. బ్రాకెట్లోది తీసేస్తే సగం మంది 14 రాత్రే వస్తారు. ఇంగ్లీషు వైపు కూడా వేయిస్తే అక్కడ 15, 16 మధ్య రాత్రి అని రెండు తేదీలూ పడాలి. ఫంక్షన్ హాలు బుకింగ్ కూడా 15 నుంచే ఉందా చూసుకోండి.

కార్డులు మనుషులకు కాదు, ఇళ్లకు. 600 మంది అంటే ఇళ్ల లిస్టు రాస్తే 200 చుట్టుపక్కల తేలుతుంది. దానికి పది శాతం కలపండి. తర్వాత ఇంకో 30 కావాలంటే అచ్చు వేసే స్క్రీన్ (అక్షరాల జాలీ) మళ్లీ తయారుచేయాలి కాబట్టి ఒక్కోటి రెండింతలు పడుతుంది.

చట్టాబజార్‌లో ముందు ఖాళీ కార్డు ఎంచుకుంటారు, తర్వాత మ్యాటర్ కంపోజింగ్‌కి ఇస్తారు. తప్పులన్నీ ఇక్కడే. మీరు ఫోన్లో టైపు చేసి పంపే తెలుగు యూనికోడ్. డీటీపీ (కంప్యూటర్‌లో కంపోజ్ చేసే) వాళ్లలో చాలామంది యూనికోడ్ కాని అను ఫాంట్లు వాడతారు. మార్చేటప్పుడు ఒత్తులు జారి పక్క అక్షరానికి అతుక్కుంటాయి. అందుకని మ్యాటర్ కాయితం మీద కూడా పెద్ద అక్షరాలతో రాసి తీసుకెళ్లండి. ఫోన్లో ఫొటో చూసి ‘ఓకే’ అనకండి. అసలు సైజులో ప్రింట్ తీయించి, ఇద్దరు కూర్చుని ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు రాతప్రతితో పోల్చండి. ద–ధ, డ–ఢ, ఇంటిపేర్లు, తేదీకి వారం కుదిరిందా, హాలు అడ్రసు. ఆ ప్రింటు మీద సంతకం చేసి ఒక కాపీ మీరు ఉంచుకోండి. రేపు తప్పు ఎవరిదన్న వాదన వస్తే ఆ కాయితమే తీర్పు.

నాలుగు మూలలా పసుపు పెడతారుగా, లామినేషన్ ఉన్న నున్నటి కార్డుకు పసుపు పట్టదు, ఆరాక పొడిలా రాలి కవర్లో పడుతుంది. శాంపిల్ ఇంటికి తెచ్చి ఒక మూల రాసి చూసి ఆర్డర్ ఖాయం చేయండి. గరుకు కార్డయితే ఈ బాధ లేదు, నిజానికి బంగారు రంగు రేకు అద్దిన దానికన్నా చూడటానికి కూడా అదే బాగుంటుంది.

కోఠి నడక:
ఒకటి మర్చిపోయాను, బరువు. 200 పేజీల డెమ్మీ సైజు (మామూలు నవల సైజు) పుస్తకం 200 గ్రాములు దాటుతుంది. సగటున 100 రూపాయల చొప్పున 150 పుస్తకాలంటే 30 కిలోల పైమాటే. కాచిగూడలో కొన్నవి మోసుకుని బేగంబజార్ తిరగలేరు. కట్టి పెట్టమని, సాయంత్రం ఆటోలో వచ్చి తీసుకుంటామని చెప్పండి, లేదా ఆర్టీసీ కార్గోలో నల్లగొండకి వేయించండి. ఒకే పెద్ద అట్టపెట్టె వద్దు, అడుగు ఊడిపోతుంది. 10 కిలోల చొప్పున మూడు పెట్టెలు, పుస్తకాలు పడుకోబెట్టి, మూలల్లో న్యూస్‌పేపర్ ఉండలు కుక్కి, అడుగున టేపు రెండు వరుసలు అడ్డంగా నిలువుగా. బిల్లు మాత్రం పెట్టెలో వేయకండి, జేబులో పెట్టుకోండి.