దోసకాయలో గింజలు నడిమధ్యన ఉంటే అది కుడ్య అండన్యాసం ఎలా అయింది?

బోటనీ తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. అమ్మాయి ఇంటర్ బైపీసీ. అండన్యాసం (అండాశయంలో గింజలు కాబోయే అండాలు ఎక్కడ అంటుకుని ఉంటాయన్నది) పాఠానికి ఇంట్లో ఉన్న కాయలే కోసి చూపిస్తున్నాను. చిక్కుడు తేలికే: ఒకే ఫలదళం (అండాశయం ఏర్పడే ఆకులాంటి భాగం), అంచు వెంబడి వరసగా గింజలు, ఉపాంతం. బెండకాయను అడ్డంగా కోస్తే ఐదు గదులు, గింజలన్నీ నడిమి స్తంభానికి అంటుకుని ఉంటాయి, స్తంభీయం. బొప్పాయిలో మధ్యంతా ఖాళీ, గింజలు గోడకే. కుడ్యం అంటే ఇదేనని పిల్లకి ఇట్టే తెలిసిపోయింది.

చిక్కంతా లంకల నుంచి వచ్చే దోసకాయతోనే. మూడు భాగాలుగా, గింజలు నడిమి గుజ్జులో కనిపిస్తాయి. చూడ్డానికి బెండకాయకు చుట్టంలా ఉంది, పుస్తకమేమో కుడ్యం అంటోంది! గోడ నుంచి పుట్టిన అండన్యాస స్థానాలు (అండాలు అంటుకునే చోట్లు) లోపలికి చొచ్చుకొచ్చి మధ్యలో కలిసి, మళ్లీ గోడవైపు తిరుగుతాయని చదివాను. అది కంటికి కనపడాలంటే ఏ దశలో కోయాలి? లేత పిందెనా, ఇంకా విచ్చని ఆడపువ్వు అండాశయాన్నా? మామూలు భూతద్దం చాలుతుందా? దొండ, పొట్ల పిందెల్లో ఇంకా బాగా తెలుస్తుందంటే అవీ దొరుకుతాయి.

ఆవపువ్వు సంగతి (అడ్డుతెర వల్ల రెండు గదులు, అయినా కుడ్యమే) తర్వాత అడుగుతాను. మీరు కోసిన ఫొటో ఉంటే పెట్టండి.